ఫార్వర్డయిన ఏడుపు

"మేడం, సూపర్! షూటింగ్ మొదలైందని ఒక్క మాటైనా చెప్పలేదే!"

ఆదివారం పొద్దున టిఫిన్ దగ్గర కూర్చున్న శ్రీవాసవికి ఈ మెసేజ్, దాని కింద ఒక వీడియో వచ్చాయి. పంపింది కడపలో ఉండే ఒక పాఠకుడు. ఏ షూటింగో అర్థంకాక, ఒక చేత్తో దోసె తుంచుతూ ఇంకో చేత్తో వీడియో నొక్కింది.

ఏదో ఊరి నడివీధి. పసుపురంగు ఆటో, దాని నెత్తిన మైకు. పక్కనే కరెంటు స్తంభానికి ఒక మనిషిని తాడుతో కట్టేశారు. నడివయసు దాటినవాడు. చొక్కా భుజం దగ్గర చిరిగి వేలాడుతోంది. నుదుటి నుంచి కారిన రక్తం కనుబొమ్మ మీద గడ్డకట్టింది. అతను ఏదో చెప్పబోతుంటే ఎవడో చెంప మీద కొట్టాడు. చుట్టూ జనం. ఎవరి ఫోన్లోంచో ఒక ముసలామె ఏడుపు పెద్దగా వినిపిస్తోంది.

"నా తల్లీ సాహితీ... గ్రైండరు బాగుచేస్తానని వచ్చినోని ఆటో ఎనకాల యాడికి పోతివే నా తల్లీ..."

దోసె ముక్క పళ్లెంలోనే ఉండిపోయింది. ఆ ఏడుపు వాసవికి బాగా తెలుసు. దాన్ని రికార్డు చేసింది తనే. సాహితి తన నవలలో పిల్ల. గ్రైండర్ల ఆటోవాడూ తన నవలలోవాడే. ఇద్దరూ ఎక్కడా లేరు. కానీ స్తంభానికి కట్టేసిన మనిషి మాత్రం ఉన్నాడు. అతని నుదుటి మీద ఉన్నది రంగు కాదు.

"ఏమండీ!" అని కేక పెట్టింది.

శ్రీవాసవి రాసేది క్రైమ్ నవలలు. భర్త శివప్రసాద్‌కి కర్నూలులో స్టీలు సామాన్ల అంగడి. ఆమె మొదటి రెండు నవలలు అంగడి అటక మీద డబ్బాల్లో మూలుగుతుంటే, మూడోదాన్ని ఫేస్‌బుక్‌లో సీరియల్‌గా పెట్టింది. ప్రతి భాగాన్నీ గుండె ఆగేచోట ఆపింది. అంతే, పేజీ పట్టాలెక్కింది. పాఠకులు పెరిగారు, వాట్సాప్‌లో గ్రూపులు పుట్టాయి, అటక ఖాళీ అయింది.

కొత్త నవల పేరు 'మైకు ఆటో మనిషి'. మిక్సీలు, గ్రైండర్లు బాగుచేస్తామని మైకులో అరుచుకుంటూ ఒక ఆటోవాడు ఊళ్లోకి వస్తాడు. అతను వెళ్లిన పూటే సాహితి అనే పిల్ల కనబడకుండా పోతుంది. చివరి భాగాలు తప్ప మిగతాదంతా పేజీలో వచ్చేసింది. ముగింపు కావాలంటే పుస్తకం కొనాల్సిందే. పిల్లను ఎత్తుకుపోయింది ఎవరో ముందే ఊహించి కామెంట్ పెట్టినవాళ్లకు పుస్తకం ఉచితమని ప్రచురణకర్త శివశంకర్ పోటీ కూడా పెట్టాడు. వచ్చే ఆదివారం విడుదల. "ముగింపు మీ ఇంటాయనకు కూడా తెలియకూడదమ్మా, మన బేరమంతా దాని మీదే ఉంది" అని శివశంకర్ రోజూ ఫోన్ చేసి మరీ చెప్పేవాడు.

విడుదలకు ముందు ఊపు తేవాలి. పోస్టర్ పెడితే జనం వేలితో పైకి తోసేస్తారు. వీడియో తీయించాలంటే మనుషులు, కెమెరాలు కావాలి. అప్పుడు వాసవికి కింది వాటాలో ఉండే చెన్నమ్మ గుర్తొచ్చింది.

చెన్నమ్మది రాయచోటి వైపు పల్లె. కొడుకు ఉద్యోగం కోసం కర్నూలు వస్తే వెంట వచ్చింది. ఊళ్లో ఉన్నన్నాళ్లూ ఎవరింట్లో చావు జరిగినా ఆమెకు కబురొచ్చేది. పోయినవాళ్ల పేరు, వాళ్లు చేసిన మేలు, వాళ్లు నడిచిన దోవలు, వాళ్లు పెంచిన గొడ్లు, అన్నీ కలిపి రాగం తీసి ఏడ్చేది. రాతి గుండెవాళ్లు కూడా పై కండువా కళ్లకు అద్దుకునేవాళ్లు.

"ఎవురు పోయినారు పాపా?" అంది చెన్నమ్మ, వాసవి అడగ్గానే.

"ఎవరూ పోలేదవ్వా. కథలో ఒక పిల్ల కనబడకుండా పోయింది. నువ్వు వాళ్లమ్మవనుకో."

"ఎవురూ పోకుండా ఏడిస్తే ఇంటికి మంచిదా? నీకేమన్నా పిచ్చా?"

"నవలకి అవ్వా. నీ గొంతు నాలుగూళ్లు వింటారు."

చెన్నమ్మ కాసేపు ఆకు నమిలింది. పిల్ల వయసెంత, ఏం చదివింది, జడ వేసుకునేదా, వాళ్ల నాయన ఉన్నాడా అని ఒక్కొక్కటే అడిగింది. తర్వాత మెట్ల మీద కూర్చుని కొంగు నెత్తిన వేసుకుని మొదలుపెట్టింది. వాసవి రాసిచ్చిన నాలుగు ముక్కలు ఎటు పోయాయో తెలియదు. రాయచోటి బస్టాండు వచ్చింది, గాలివీడు రోడ్డు వచ్చింది, చెనిక్కాయ చేలల్లో పిల్ల ఆడుకున్న దోవ వచ్చింది. అయిపోయేసరికి వాసవికే ముక్కు ఎర్రబడింది. రెండోసారి రికార్డు చేయాలన్న ఆలోచనే రాలేదు.

తప్పు జరిగింది ఆ తర్వాత. ఏడుపును ఒక మెసేజ్‌గా పెట్టి, "శ్రీవాసవి కొత్త థ్రిల్లర్, మైకు ఆటో మనిషి, వచ్చే ఆదివారం విడుదల" అన్నది దాని కింద ఇంకో మెసేజ్‌గా పెట్టింది. తన గ్రూపులో రెండూ ఒకదాని కింద ఒకటి చక్కగా కనిపించాయి. కానీ నచ్చినవాళ్లు ఏడుపును మాత్రమే ఇంకొకరికి పంపారు. వాళ్లు మరొకరికి పంపారు. రెండు చేతులు మారేసరికి నవల రాలిపోయింది. తల్లి ఏడుపు, రాయచోటి రోడ్లు, గ్రైండర్ల ఆటో మిగిలాయి.

ఆ వైపు పల్లెల్లో శోకం తీయడం ఉత్తుత్తికి చేసే పని కాదు. ఆ రాగం వినబడిందంటే ఎక్కడో ఒక ఇల్లు కూలినట్టే. ఇంక ఎవరు అనుమానపడతారు?

శివప్రసాద్ వీడియో చూసి, కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు.

"ముందు పోలీసులకు చెప్పు" అన్నాడు.

వాసవి ఫోన్ చేసింది. అవతలి మనిషి ఓపిగ్గానే విన్నాడు. "ఏ ఊరమ్మా?"

"రాయచోటి వైపు అనుకుంటానండీ."

"రాయచోటి వైపంటే ఎన్ని ఊళ్లున్నాయో తెలుసా అమ్మా? పేరు కనుక్కోండి, వెంటనే బండి పంపిస్తాం. ఈలోగా మేమూ అడుగుతాం."

వీడియో పంపిన పాఠకుణ్ణి అడిగితే తమ కాలేజీ గ్రూపులో వచ్చిందన్నాడు. ఆ గ్రూపులో పెట్టినాయన బావమరిది పంపాడన్నాడు. బావమరిది ఫోన్ ఎత్తలేదు. వీడియో నెత్తిన 'చాలాసార్లు ఫార్వర్డ్ చేయబడింది' అని రాసుంది.

"నీ పేజీలో ఇంతమంది ఉన్నారు కదా," అన్నాడు శివప్రసాద్. "అందులో ఆ ఊరివాళ్లు ఒక్కరన్నా ఉండరా?"

వాసవి తల కూడా దువ్వుకోకుండా లైవ్‌లోకి వచ్చింది.

"అందరికీ నమస్కారం. ఇది ప్రచారం కాదు. దయచేసి వినండి. నా నవల కోసం పెట్టిన ఏడుపు ఆడియోని నిజమనుకుని, ఒక మనిషిని కట్టేసి కొడుతున్నారు. ఇప్పుడు ఆ వీడియో చూపిస్తా. ఇది ఏ ఊరో ఎవరికైనా తెలిస్తే చెప్పండి." శివప్రసాద్ ఫోన్లో వీడియో ఆడించి, కెమెరా ముందు పెట్టింది.

కామెంట్లు వరద కట్టాయి.

"హాయ్ మేడం."

"గుడ్ మార్నింగ్ ఫ్రమ్ నంద్యాల."

"ప్రమోషన్ అదిరింది, నిజమనుకుని భయపడ్డా."

"సాహితిని ఎత్తుకుపోయింది టీచరే, నాకు తెలుసు. పుస్తకం ఎప్పుడు పంపిస్తారు?"

"చీర రంగు బాగుంది మేడం."

వాసవికి ఏడుపొచ్చింది. ఇన్నాళ్లూ ఈ సందడినే కదా పాఠకులను చేరుకోవడం అనుకుంది. ఇప్పుడు ఒక్క నిజం చెబుదామంటే దాన్ని కూడా ట్రైలర్ కింద జమకట్టేస్తున్నారు. భాగం తర్వాత భాగం వీళ్లను నమ్మించడమే తన పని. నమ్మించీ నమ్మించీ, నిజం చెప్పినా కథలాగే వినే అలవాటు తనే నేర్పింది.

"నా పిల్లల మీద ఒట్టు," అంది గొంతు పెంచి. "ఇది నవల కాదు. ఆ మనిషికి రక్తం కారుతోంది. వెనక గోడ చూడండి, కరెంటు స్తంభం చూడండి. ఎవరైనా గుర్తుపట్టండి!"

కామెంట్ల వేగం తగ్గింది. హృదయం బొమ్మలు ఆగిపోయాయి. అప్పుడు ఒక వాక్యం వచ్చింది.

"మేడం వెనకాల నీలంరంగు నీళ్ల ప్లాంటు మా ఊరిది. ఎర్రగుట్టపల్లె. నేను మీ పాఠకురాలిని. బయట అరుపులు వినబడుతున్నాయి. లక్ష్మీప్రియ."

శివప్రసాద్ అంగడి ఫోన్ తీసుకుని పోలీసులకు ఊరి పేరు చెప్పాడు. బండి బయల్దేరుతుంది, కానీ దారి బాగాలేదు, టైము పడుతుందన్నారు. లక్ష్మీప్రియ నంబరు తీసుకుని వాసవి భర్త ఫోన్ నుంచి వీడియో కాల్ చేసింది. తన ఫోన్లో లైవ్ మాత్రం ఆపలేదు.

తెర మీద పాతికేళ్ల అమ్మాయి కనిపించింది. మెడలో కుట్టుపని టేపు వేలాడుతోంది.

"మేడం, మీరేనా? నేను వాళ్లకు పొద్దున్నే చెప్పినా మేడం, ఇది ఫేస్‌బుక్ కథ, నేను చదివినా అని. ఆడదానివి నీకేం తెల్సు, లోపలికి పో అన్నారు. పక్క ఊళ్లకు గూడా ఫోన్లు పోయినాయి. బండ్లు ఏసుకుని వస్తాండారు."

"అక్కడికి వెళ్లగలవా లక్ష్మీప్రియా? ఫోన్ వాళ్లకు చూపిస్తావా?"

"పోతాండా మేడం" అంది. నడుస్తూనే ఉంది.

జనం మధ్యలోకి వెళ్లేసరికి కెమెరా ఊగిపోయింది. తర్వాత తెల్లమీసాల పెద్దమనిషి ముఖం నిండుగా కనిపించింది. "ఈయన శేషన్న. ఊర్లో పెద్ద" అంది లక్ష్మీప్రియ వెనక నుంచి.

"ఎవురమ్మా నీవు?"

"అన్నా, నా పేరు శ్రీవాసవి. కర్నూలు. నేను నవలలు రాస్తాను. మీరు విన్న ఆ ఏడుపు నా నవల కోసం చేయించింది. సాహితి అనే పిల్ల లేదు. ఎవరూ పోలేదు. దయచేసి ఆయన్ని విడిచిపెట్టండన్నా."

"కర్నూలా?" అంటూ ఒక బక్కపలచని మనిషి ముందుకు తోసుకొచ్చాడు. చేతిలో కర్ర ఉంది. "ఇన్నావా శేషన్నా? వీడు గూడా ఆ పక్కోడే. ఆదోని అంటాండాడు. మాట సూస్తివి గదా, డబ్బును దుడ్లు గిడ్లు అని. ఇద్దురూ ఒకటే గుంపు. ఆయమ్మ దొరకకుండా ఆన్నుంచి ఫోన్ చేస్తాండాది."

"ఓబుళేశూ, నీవు ఉండప్పా" అన్నాడు శేషన్న. కానీ వాసవిని చూసే చూపులో తేడా వచ్చింది.

స్తంభం దగ్గర నుంచి బొంగురు గొంతు వినిపించింది. "అమ్మా, నా పేరు దేవేంద్రప్ప. నేను ఏమీ చేయలేదమ్మా. ఆటోలో గ్రైండర్లే ఉండాయి. సూసుకోమని పొద్దుట్నుంచి సెప్తాండా. ఒగరూ ఇనరు."

"మూస్కో!" కర్ర గాల్లోకి లేచింది. జనం ఇటు జరిగారు, అటు జరిగారు.

"అన్నా, ఆ ఏడ్చినామె ఇక్కడే ఉంది! ఆమెతో మాట్లాడండి!"

శివప్రసాద్ అప్పటికే మెట్లు దిగి వెళ్లాడు. చెన్నమ్మ ఒళ్లో చెనిక్కాయల చేట పెట్టుకుని వొలుస్తోంది. విషయం సగం చెప్పేసరికే చేట పక్కన పెట్టి, మోకాళ్లు పట్టుకుంటూ పైకి వచ్చింది. ఫోన్ని ముఖానికి మరీ దగ్గరగా పెట్టుకుంది.

"ఏ ఊరప్పా మీది?"

"ఎర్రగుట్టపల్లె. నీవెవురు?"

"ఎర్రగుట్టపల్లా! ఆడ పెద్దింటి లక్ష్మీదేవమ్మ పోయినప్పుడు నేనొచ్చింటి."

శేషన్న ముఖం మారింది. "లక్ష్మీదేవమ్మ మాయమ్మ."

"నీవు శేషన్నవా? మీసాలు నెరిస్తే గుర్తు పట్టలా. నేను చెన్నమ్మనప్పా. మీయమ్మ కాళ్లకాడ కూర్చుని, నల్ల బర్రె సాయంత్రం ఎవురికోసం అరుస్తాదే తల్లీ అంటే నీవు గదా గోడకు ఆనుకుని ఏడిస్తివి."

ఆ గొంతు వింటూనే జనంలో గుసగుసలు మొదలయ్యాయి. "అదే గొంతు." "ఆయమ్మే." "అవునప్పా, చెన్నమ్మే."

గండం గడిచింది అనుకుంది వాసవి. కానీ శేషన్న కళ్లు ఎర్రబడ్డాయి.

"అయితే ఆ పిల్ల?"

"లేదప్పా. ఈ పాప రాసిన కథ."

"లేని పిల్లకు అంత ఏడుపు ఏడిస్తివా?" శేషన్న ఫోన్ దగ్గరికి వంగాడు. "మాయమ్మకు గూడా ఇట్లనే ఏడిస్తివా?"

చెన్నమ్మ ఏడుపు మీద ఇంతవరకూ ఆ మాట ఎవరూ అనలేదు. కొంగుతో మూతి తుడుచుకుంది.

"మీయమ్మ నాకు కరువు సంవత్సరం గింజలు పెట్టింది శేషన్నా. ఆ యమ్మకు ఉత్త ఏడుపు ఏడిస్తే నా నోరు పడిపోతాది. ఈ పిల్లకు గూడా ఉత్తుత్తిగా ఏడవలా. పాప కథ చెప్తాంటే నిజంగానే వచ్చింది, ఏం చేద్దును? నేను లేని పిల్లకు ఏడిస్తి. మీరు ఉండే మనిషిని కట్టేస్తిరి. ఆయప్పకు ఏమన్నా అయితే నిజంగా ఒక ఇంట్లో ఏడవాల. ఆ ఏడుపు నేను ఏడవను, నీవే పోయి ఏడువు."

శేషన్న స్తంభం వైపు చూశాడు. అంతలో మళ్లీ ఓబుళేశు.

"ఇదంతా నాటకం శేషన్నా! ముసలామెను ముందరేసుకుని ఆడిస్తాండారు. ఒకటడుగు. కథ ఆయమ్మే రాసింది గదా? అయితే పిల్లను ఎత్తకపోయింది ఎవురో చెప్పమను. కథలో గూడా ఈ ఆటోవోడే గదా? చెప్పమను!"

"చెప్పమ్మా," అన్నాయి నాలుగు గొంతులు. "అవును, చెప్పు." వెనక బండ్లు ఆగిన చప్పుడు. పక్క ఊరివాళ్లు దిగుతున్నారు.

చెన్నమ్మ వాసవి వైపు తిరిగింది. "నాకూ చెప్పలే గదే పాపా. రోజూ అడుగుతాండా."

వాసవి లైవ్ నడుస్తున్న ఫోన్ వైపు చూసింది. ఎన్ని వేలమంది వింటున్నారో పైన అంకె కనిపిస్తూనే ఉంది. ఇంతమంది ఏనాడూ రాలేదు. కామెంట్లలో శివశంకర్ పేరు మెరిసింది. "అమ్మా, ముగింపు చెప్పొద్దు! లైవ్ ఆపెయ్యి! ముందు ఆపెయ్యి!"

ఆపితే ముగింపు ఎర్రగుట్టపల్లెలోనే ఉండిపోతుంది. కానీ బండ్ల మీద వస్తున్నవాళ్లకు, ఆ ఏడుపు విని వీధుల్లోకి వచ్చిన మిగతా ఊళ్లవాళ్లకు ఎవరు చెబుతారు? రెండేళ్లుగా కట్టిన ముడి. మొదటి భాగం నుంచీ ఒక్క మాట కూడా జారకుండా దాచింది. వాసవి రెండు ఫోన్లూ దగ్గరకు జరిపింది.

"చెప్తా, వినండి. ఎత్తుకుపోయింది ఆటోవాడు కాదు. అతను పాపం పిల్లకు మంచినీళ్లిచ్చి, ఎండలో తిరక్కు ఇంటికి పో తల్లీ అని చెప్పినవాడు. ఎత్తుకుపోయింది పిల్ల చిన్నాన్న. భూమిలో వాటా కోసం. 'ఆటోవాడే, పట్టుకోండి' అని ఊళ్లో అందరికంటే ముందు కేక వేసినవాడు వాడే. ఊరంతా ఆటో వెనక పరిగెత్తింది. ఇంటి వెనక ఎవరూ చూడలేదు. అంతే. అదే ముగింపు."

లక్ష్మీప్రియ చేతిలో కెమెరా మెల్లగా తిరిగింది. జనం తలలు కూడా అటే తిరుగుతున్నాయి.

"పొద్దున ముందర కేకేసింది ఎవురప్పా?" ఎవరో అడిగారు.

"ఓబుళేశు గదా" అంది నీళ్ల బిందెతో నిలబడ్డ ఒకావిడ.

ఓబుళేశు చేతిలోని కర్ర కిందికి దిగింది. "ఓయమ్మో, నన్ను సూస్తారేంది? నేనేం జేసినా? వాట్సాప్‌లో వచ్చింది, చెప్పినా. నేను దొంగనా? నాకేం తెల్సు?"

"ఆయప్ప గూడా పొద్దుట్నుంచి అదే చెప్తాండాడు," అంది ఆవిడ. "నీవు ఇన్నావా?"

ఎవరో నవ్వారు. ఆ నవ్వుతో బిగుసుకున్న వీధి కాస్త సడలింది. శేషన్న స్తంభం దగ్గరికి వెళ్లి తాడు విప్పడం మొదలుపెట్టాడు. ముడి రాకపోతే పళ్లతో లాగాడు. లక్ష్మీప్రియ బిందెలోంచి చెంబుతో నీళ్లు ముంచి దేవేంద్రప్పకు ఇచ్చింది. అతను తాగలేదు. ముందు ముఖం కడుక్కున్నాడు.

పోలీసు బండి వచ్చేసరికి అతను ఆటో నీడలో కూర్చుని ఉన్నాడు. ఓబుళేశు ఊళ్లో లేడు.

మర్నాడు వాసవి, శివప్రసాద్, చెన్నమ్మ రాయచోటి వెళ్లారు. వాసవి ముందు స్టేషన్లో జరిగింది జరిగినట్టు చెప్పి సంతకం పెట్టింది. అధికారి గట్టిగానే చీవాట్లు పెట్టాడు, ఆమె పడింది. తర్వాత ఆసుపత్రికి వెళ్లారు. దేవేంద్రప్ప నుదుటికి కుట్లు పడ్డాయి. ఎడమచెయ్యి కట్టులో ఉంది.

వాసవి చేతిలోని కవరు చూసి తల అడ్డంగా ఊపాడు.

"దుడ్లు వద్దమ్మా. ఆసుపత్రి వాళ్లు ఏమీ అడగలేదు."

"నా వల్లే జరిగింది. ఏం చేయమంటే అది చేస్తాను."

"ఆ ఏడుపు ఆపు."

"నా గ్రూపులో తీసేశాను."

"నీ గ్రూపులో తీసేస్తే ఏమాయె? పొద్దున ఈడ నర్సమ్మ ఫోన్లో ఇన్నా. ఆయమ్మ కండ్లనీళ్లు పెట్టుకుంటా ఇంటాండాది." దేవేంద్రప్ప దిండు మీద తల తిప్పాడు. "నేను ఊర్లు తిరిగి బతికేటోణ్ణి. పంట ఉండేకాలం ఆ పక్క, లేని కాలం ఈ పక్క. ఇంక ఏ ఊర్లోకి పోయినా మైకు ఏసేకి భయం. మైకు ఏయకుండా నాకు పనేడిది?"

చెన్నమ్మ మంచం పక్కన నిలబడి, అతని కాలి మీద దుప్పటి సర్దింది.

శివశంకర్ పోటీ రద్దు చేశాడు. ముగింపు మార్చి రాయమని, విడుదల వెనక్కి జరుపుదామని పోరు పెట్టాడు. "అందరికీ తెలిసిన దొంగని అచ్చేసి ఎవరికి అమ్మాలమ్మా?" అన్నాడు. వాసవి ఒప్పుకోలేదు. ముగింపు మారిస్తే, ఆ రోజు చెప్పింది కూడా అబద్ధమే అంటారు. పుస్తకం ఉన్నది ఉన్నట్టే వచ్చింది. కొందరు కొన్నారు. ముగింపు తెలిశాక ఎందుకని చాలామంది మానేశారు. చాలా డబ్బాలు మళ్లీ అటకెక్కాయి.

కట్టు విప్పాక దేవేంద్రప్పే ఫోన్ చేశాడు.

"ఎర్రగుట్టపల్లెకే మొదట పోతానమ్మా. కట్టేసిన ఊరే పని ఇస్తే, కడమ ఊర్లు ఇయ్యవా? ఒక్కణ్ణే పోయేకి కాళ్లు రావడం లేదు. నీవు రావాల."

వాసవి వెళ్లింది. ఆటోలో ముందు సీటులో అతని పక్కన కూర్చుంది. ఊరి మొదట్లో అతను మైకు మీట మీద చెయ్యి పెట్టి కాసేపు అలాగే ఉండిపోయాడు. తర్వాత నొక్కాడు. "మిక్సీలు, గ్రైండర్లు, గ్యాస్ స్టవ్వులు బాగుచేస్తాం, మీ ఇంటిముందరికే వచ్చినాం..."

వీధి తలుపులు తెరుచుకోలేదు. ఒక కుక్క మొరిగి ఊరుకుంది. లక్ష్మీప్రియ తన మిక్సీతో మొదట వచ్చింది, కానీ ఆమె వస్తుందని అందరికీ తెలిసిందే. దేవేంద్రప్ప గోనెపట్టా పరిచి పని మొదలుపెట్టాడు. తల ఎత్తలేదు. చాలాసేపటికి శేషన్న ఇంట్లోంచి ఇద్దరు మనుషులు ఒక రాతి గ్రైండరు మోసుకొచ్చి పట్టా మీద దించారు.

"కోడలు బెల్టు తెగిందంటాండాది" అన్నాడు శేషన్న, వెనకే వచ్చి. ఆటో కమ్మీ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. "టీ తాగుతావా అప్పా?"

"బెల్టు ఏసినాక తాగుతా" అన్నాడు దేవేంద్రప్ప.

వాసవి చేతులు ఖాళీగా ఉన్నాయి. ఫోన్ బయటకు తీయాలా వద్దా అని తటపటాయిస్తుంటే దేవేంద్రప్పే చూశాడు.

"తీయమ్మా, తీయి. అది ఊర్లు తిరిగె. ఇది తిరగొద్దా?"

ఈసారి వేరే మెసేజ్ పెట్టలేదు. కెమెరా తిప్పకముందే తన గొంతుతో మొదలుపెట్టింది. "నేను శ్రీవాసవిని. ఇది కథ కాదు. ఇది ఎర్రగుట్టపల్లె. ఈయన దేవేంద్రప్ప. ఆ ఏడుపు ఆడియోకి ఈయనకు ఏ సంబంధమూ లేదు. ఇక్కడ శేషన్నగారింటి గ్రైండరు బాగుచేస్తున్నారు." తర్వాత దేవేంద్రప్పను చెప్పమంది. అతను బెల్టు బిగిస్తూనే, ఏ రకం గ్రైండరుకు ఏ బెల్టు వేయాలో, రాయి ఆగిపోతే ముందు ఏం చూసుకోవాలో చెప్పుకుపోయాడు. ఫోన్ నంబరు రెండుసార్లు చెప్పాడు. వాసవి ఏమీ కత్తిరించలేదు.

ఏడుపు ఎన్ని ఊళ్లు తిరిగిందో లెక్కలేదు. దీన్ని చూసినవాళ్లు నాలుగొందల మంది కూడా లేరు. ఏడుపు ఉండదు, అనుమానం ఉండదు, ఉన్నదంతా బెల్టు. ఇలాంటిది ఎవరు చూస్తారని వాసవికి ముందే తెలుసు.

మూడోరోజు మధ్యాహ్నం దేవేంద్రప్ప ఆటో చెట్టు కింద ఆపి అన్నం తింటుంటే ఫోన్ మోగింది. కొత్త నంబరు. ఆడమనిషి గొంతు.

"గ్రైండర్ల దేవేంద్రప్పేనా?"

అతను ముద్ద పళ్లెంలో పెట్టాడు. "అవునమ్మా. యాడి నుంచి?"

ఊరి పేరు చెప్పింది. గాలివీడు దగ్గర. చెన్నమ్మ ఏడుపులో వచ్చిన దోవ అదే. దేవేంద్రప్ప ఆ పేరు విని ఆటో నెత్తిన మైకు వైపు చూశాడు.

"మీరు... ఆ ఏడుపు ఇన్నారామ్మా?"

"ఇన్నా. ఊరంతా ఇన్నారు. నీ బెల్టు సంగతి గూడా ఇన్నా. నీవు చెప్పినట్టే సూసినా, మా దాంట్లో బెల్టు బాగనే ఉండాది, రాయే తిరగడం లేదు. దానికేం చేయాలో చెప్పకుండా పోతివే. రేపు వస్తాండావా, లేదా?"

"వస్తానమ్మా" అన్నాడు. ఆ వెంటనే, "మైకు ఏసుకోవచ్చా?" అని అడిగాడు.

"ఏసుకోకుంటే నీవొచ్చినట్టు నాకెట్ల తెలుస్తాదప్పా?" అని ఆమె ఫోన్ పెట్టేసింది.